పట్టపగటి అరుంధతి

శౌరి ఆ ఉదయం వేసుకున్న పథకంలో కష్టమేమీ లేదు. గురజాలలో సుబ్బరామయ్య శెట్టిగారింటికి వెళ్లి వాళ్లమ్మాయి పెళ్లి క్యాసెట్టు ఇవ్వాలి, వాళ్లు పెట్టే టిఫిను తినాలి, పది గంటల బస్సులో నరసరావుపేట వెళ్లి పీర్ సాహెబ్ చేతిలో కెమెరా పెట్టేయాలి. పీర్ సాహెబ్‌కు పేటలో స్టూడియో ఉంది, ఒక వీడియో కెమెరా ఉంది, దాని మీద కన్నబిడ్డ మీద కంటే ఎక్కువ ప్రేమ ఉంది. ఆరేళ్లు చీకటి గదిలో ఫొటోలు కడిగిన శౌరికి ఆయన మొదటిసారి ఆ కెమెరా ఇచ్చి పంపించాడు. ఈ ఒక్క పెళ్లి సరిగ్గా తీసుకొస్తే గురజాల బేరాలన్నీ శౌరివే. తేడా వస్తే మళ్లీ చీకటి గదే. పంపేటప్పుడు ఆయన చెప్పిన జాగ్రత్త కూడా ఒక్కటే.

"ఏమన్నా చెయ్యి గానీ సూర్యుడి వంక మాత్రం తిప్పమాక. లోపల గొట్టం కాలిద్ది. తీసిన ప్రతి బొమ్మ మీదా మచ్చ పడిద్ది, ఇక చచ్చినా పోదు."

శౌరి ఆ మాట మరిచిపోలేదు. కానీ ముందురోజు పెళ్లిలో, వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం, పురోహితుడు వధూవరులను పందిరి బయటికి తీసుకొచ్చి, అదిగో అరుంధతి అని నడినెత్తి మీదికి వేలు చూపించేసరికి, అందరి తలలూ ఆ వేలి వెంబడే పోయాయి. శౌరి కెమెరా కూడా పోయింది. కనిపించిందా అమ్మా అని పురోహితుడు అడిగాడు. పెళ్లికూతురు శివపార్వతి కళ్లు చికిలించుకుని, కనిపించిందంది. కనిపించలేదన్న పెళ్లికూతురు పల్నాట్లో ఇంతవరకు పుట్టలేదు. కెమెరాలోంచి చూస్తున్న శౌరికి మాత్రం ఒక చిన్న మెరుపు కంటికి తగిలింది. దుమ్మనుకుని ఉఫ్ అని ఊది, మిగతా పెళ్లంతా తీసేశాడు.

ఇప్పుడు శెట్టిగారి హాల్లో చాపలు పరిచి క్యాసెట్టు పెట్టారు. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, అన్నీ కడిగిన ముత్యాల్లా వచ్చాయి. పురోహితుడి వేలు లేచింది. తెర ఒక్క క్షణం తెల్లబోయి తేరుకుంది. ఆకాశం నడుమ తళతళలాడుతూ నక్షత్రం. శౌరి నోట్లో ఇడ్లీ నోట్లోనే ఆగిపోయింది.

శెట్టిగారి తల్లి రమణమ్మ లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. "నా పెళ్లిలో కనపడిందని అబద్ధం చెప్పానురా అబ్బాయా. అరవై ఏళ్లకి ఈ పొద్దు చూశా," అని కొడుకుతో చెప్పి కళ్లు తుడుచుకుంది.

పురోహితుడికి కబురు వెళ్లింది. ముప్పై ఏళ్లుగా వేలు చూపించడమే తప్ప అక్కడేముందో ఎన్నడూ చూసుకోని ఆ పెద్దమనిషి తెర చూసి మొదట బెదిరిపోయాడు. తర్వాత తేరుకుని, తన వేలు ఎంత సూటిగా ఉందో గమనించమన్నాడు.

అది నక్షత్రం కాదు, కాలిన మచ్చ అని శౌరికి అప్పుడే తెలిసిపోయింది. చెబుదామనే అనుకున్నాడు. కానీ చెబితే ఆ మాట సాయంత్రానికల్లా నరసరావుపేట చేరుతుంది. పైగా నోట్లో ఇడ్లీ ఉంది. అదృష్టం కొద్దీ శెట్టిగారు బొమ్మ అక్కడే ఆపించి, వెనక్కి తిప్పి, మళ్లీ అదే వేయించారు. పెళ్లిలో ఆ తర్వాతి భాగం ఎవరూ చూడలేదు. అందులో అన్నిటి మీదా ఆ మచ్చ ఉంటుందన్న సంగతి శౌరి ఒక్కడే ఎరుగును.

పది గంటల బస్సు వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి వీధంతా శెట్టిగారింట్లోనే ఉంది. రాతి క్వారీలో పని ముగించుకుని వచ్చిన మల్లమ్మ టీవీ అద్దానికి బొట్టు పెట్టింది. హైస్కూలు సైన్సు మాస్టారు నరసింహం వచ్చి, అది అద్దం మీద మరకని తన కండువాతోనే తుడిచాడు. బొట్టు పోయింది గానీ నక్షత్రం పోలేదు. గాలిపటమన్నాడు. కొంగన్నాడు. పరాయి దేశం వాళ్లు ఎగరేసిన ఉపగ్రహమన్నాడు. చివరికి, కెమెరా అద్దంలో వెలుగు చెదిరినా ఇట్లాంటివి కనబడతాయన్నాడు. తప్పే గానీ అసలు సంగతి గుమ్మం దాకా వచ్చాడు.

శౌరిని రమణమ్మ కాపాడింది. "నీ పెళ్లిలో నీ పెళ్లానికి నక్షత్రం చూపిచ్చావా నాయనా?"

"చూపిచ్చానమ్మా."

"నీకు కనపడిందా?"

మాస్టారు కండువా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

దీపాలు పెట్టే వేళకు అయిదు పెళ్లిళ్ల వాళ్లు శౌరిని చుట్టుముట్టారు. మా పెళ్లిలో కూడా నక్షత్రం రావాలి, రాకపోతే క్యాసెట్టు తీసుకునేది లేదన్నారు. వస్తుందిలెండి అన్నాడు శౌరి. ఆ రోజు అతను ధైర్యంగా అన్న మాట అదొక్కటే.

మర్నాడు చిలకలూరిపేట నుంచి వియ్యంకుడు కారులో దిగాడు. తన కొడుకు పెళ్లికి నక్షత్రం వస్తే తనకే చివర తెలియడం ఏమిటని అలిగి ఉన్నాడు. నక్షత్రాన్ని రెండుసార్లు చూశాక, ఇక భోజనాల బంతి వేయమన్నాడు, అందులో ఆయన ఉన్నాడు గనక. క్యాసెట్టు మిషను వేడెక్కిందని శౌరి అడ్డం పడ్డాడు. చల్లారేదాకా కూర్చుంటానన్నాడాయన.

బంతి వచ్చింది. నక్షత్రమూ వచ్చింది. పందిరి తాటాకుల్లో ఉంది, గుమ్మడికాయ పులుసు బకెట్టు మీద ఉంది, ఆఖరికి వియ్యంకుడి బట్టతల మీదికి చేరి, ఆయన పూర్ణాలు తిన్నంతసేపూ కదలకుండా అక్కడే కూర్చుంది. కెమెరా రాలేదని వెతుక్కుంటూ వచ్చిన పీర్ సాహెబ్ సరిగ్గా అప్పుడే గడపలో నిలబడ్డాడు. ఆయన తెర వంక చూశాడు, శౌరి వంక చూశాడు.

శౌరి ఇక తట్టుకోలేకపోయాడు. "అది నక్షత్రం కాదు శెట్టిగారూ. నేనే కెమెరా సూర్యుడి వంక తిప్పా. గొట్టం కాలింది. అది మచ్చ."

"మచ్చా?" అన్నాడు వియ్యంకుడు. "నా నెత్తిన కూర్చుంది మచ్చంటావేంది?"

నక్షత్రం దిగివచ్చి మగపెళ్లివారిని ఆశీర్వదించకూడదని ఏ శాస్త్రంలోనూ లేదన్నాడు పురోహితుడు. కూతురు ఆ ఇంట్లోనే కాపురం చేయాలి గనక శెట్టిగారు వెంటనే ఒప్పుకున్నారు. "తీసింది నువ్వైనా తీయిచ్చింది దేవుడు. నీకు తెలవదులే," అని రమణమ్మ శౌరిని ఓదార్చింది.

బయట పెళ్లిళ్ల వాళ్లు పీర్ సాహెబ్‌ను పట్టుకున్నారు. శౌరి చెవి మెలిపెడదామని వచ్చిన మనిషి వాళ్లందరి మాటా సావకాశంగా విని, కెమెరాను గుండెకు హత్తుకున్నాడు. "ఇది ఇక నేనే తిప్పుతాలే," అన్నాడు శౌరితో. "గురజాలకి నీకు కొత్తది తెప్పిస్తా. జాగ్రత్త, సూర్యుడి వంక తిప్పమాక."

అలా శౌరి కోరుకున్నదంతా అతనికి దక్కింది. కొత్త కెమెరాతో తీసిన మొదటి పెళ్లిలో ఆకాశం మచ్చలేకుండా వచ్చింది. ఆ పెళ్లికూతురు మూడు రోజులు అన్నం ముట్టలేదు, అత్తగారు జాతకం మళ్లీ చూపించింది, క్యాసెట్టు వెనక్కి వచ్చేసింది. నెలరోజులు మరో బేరం లేదు. శౌరిని తన సంగతి కంటే ఆ పిల్ల సంగతే ఎక్కువ బాధ పెట్టింది.

రెండో పెళ్లి మాచర్ల లారీ డ్రైవరు రోశయ్య ఇంట్లో. పీర్ సాహెబ్ దొరక్క ఇతని దగ్గరికి వచ్చాడు. పందిట్లో శౌరి చేయి పట్టుకుని, "నా బిడ్డకి రాలేదనిపిచ్చమాక బాబూ," అన్నాడు.

మిట్టమధ్యాహ్నం పురోహితుడు వేలెత్తాడు. శౌరి ఆ వేలి వంక చూడనైనా చూడకుండా కెమెరాను తిన్నగా సూర్యుడి మీద నిలిపి, తొందరపడకుండా పది లెక్కపెట్టాడు.