తాళం చూసుకోవడానికి దిగినాయన

పొద్దున్నే పడవ కడగాలి, తెరచాప విప్పాలి, జనం చేత నాలుగు కథలు చెప్పించి భోజనాల వేళకి వాళ్లని క్షేమంగా రేవు చేర్చాలి. ఆ రోజుకి సరంగు వేసుకున్న ప్లాను ఇంతే. రోజూ చేసే పనే. కాకపోతే ఆ రోజు పడవ ఉంటుందో పోతుందో తేలిపోయే రోజు.

ముందురోజు టూరిస్టు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. "రేపు మా మనిషి మామూలు ప్రయాణికుల్లో ఒకరుగా మీ పడవెక్కుతారు. నచ్చితే ఇక మా జనమంతా మీ పడవకే వస్తారు. ఆ మనిషెవరని మాత్రం ఆరా తీయకండి. తీశారో, అక్కడితో సరి" అని చెప్పి పెట్టేశారు. కంపెనీ కాదంటే పడవని కొనుక్కోవడానికి ఒక హోటలాయన కాచుకుని ఉన్నాడు. తెరచాప పీకేసి, పడవని ఒడ్డుకు గొలుసులతో కట్టేసి, లోపల కుర్చీలు వేసి కాఫీ అమ్ముతాడట. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా సరంగు గుండె కలుక్కుమనేది. తండ్రి పోతూ పోతూ తన చేతిలో పెట్టిన పడవ అది. అది నీళ్ల మీద నడవకుండా నిలబడి ఉండడం చూస్తే తను బతకలేడు.

ఆ పడవకి ఒక పద్ధతి ఉంది. కథ చెప్పేవారెవరైనా సరే, వెనక కూర్చుని చుక్కాని పట్టుకునే చెప్పాలి. జనం పనిగట్టుకుని ఆ పడవెక్కేది అందుకే. బస్సెక్కితే స్టీరింగు ముట్టుకోనివ్వరు కదా, ఇక్కడ పడవ నడుపుతూ దెయ్యం కథ కూడా చెప్పుకోవచ్చు. నిజానికి నడిపేది సరంగే. చెప్పేవారి చేతి వెనక ఎప్పుడూ సరంగు చెయ్యి ఉంటుంది. వాళ్లు ఆవేశంలో ఎటు లాగినా ఆయన చడీచప్పుడు లేకుండా సరిచేస్తుంటాడు. వాళ్లేమో ఇంటికెళ్లి, పడవంతా తామే నడిపామని చెప్పుకుంటారు.

ఆ ఉదయం నది మీద మంచు దట్టంగా పట్టింది. రావలసినవాళ్లు ముగ్గురు: ఇన్సూరెన్సు ఏజెంటు, పళ్ల డాక్టరు, రిటైరైన హెడ్మిస్ట్రెస్. ముగ్గురూ వచ్చారు. పడవ కదిలాక చూస్తే నలుగురున్నారు. ముందు బల్ల మీద, తలకీ చెవులకీ మఫ్లరు చుట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు.

"ఏవండీ, ముగ్గురన్నారుగా? టీ కూడా ముగ్గురికే పెట్టాను" అంది సరంగు భార్య.

"మెల్లిగా మాట్లాడవే! ఆ నాలుగో ఆయనే కంపెనీ మనిషి."

తెరచాప తాళ్లు చూసుకునే బావమరిది దగ్గరికొచ్చి గుసగుసలాడాడు. "బావా, ఎక్కే బల్ల వేసింది నేను, తీసింది నేను. ఆయన దాని మీదుగా రాలేదు."

"పెద్ద కంపెనీరా. అన్నీ గుట్టుగా చేస్తారు. నువ్వెళ్లి ఆయన కాళ్ల దగ్గర నీళ్లు తుడువు."

బావమరిది తుడిచాడు. తుడిచి ఇటు తిరిగేసరికి ఆయన బూట్ల కింద మళ్లీ నీళ్లు చేరాయి. మళ్లీ తుడిచాడు. మళ్లీ చేరాయి. మంచు పట్టి ఉంటుందిలే అన్నాడు సరంగు. మంచు మిగతా ముగ్గురికీ ఎందుకు పట్టలేదని అడిగే ధైర్యం బావమరిదికి లేదు.

మొదటి కథ ఇన్సూరెన్సు ఏజెంటుది. చుక్కాని పట్టుకోగానే ఆయన గొంతు మారిపోయింది. "నా దగ్గర పాలసీ చేసినాయన పోయాడండీ. శవాన్ని నేను కళ్లారా చూశాను. మర్నాడు ఆయనే ఫోన్ చేసి, 'ఇల్లు మారాను, ఒకసారి రండి' అన్నాడు."

సరిగ్గా అప్పుడే ముందు బల్ల మీది పెద్దమనిషి సన్నగా వణికాడు. కంపెనీ మనిషికి చలేస్తోంది! సరంగు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎన్నడూ లేనిది చుక్కాని మీంచి చెయ్యి తీసేసి, దుప్పటి కోసం పరిగెత్తాడు. దుప్పటి కప్పాడు. వీపు వెనక దిండు పెట్టాడు. "ఇంకేమైనా కావాలాండీ?" అంటూ చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. పెద్దమనిషి నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు. దిండు తడిసి ముద్దయింది.

వెనక ఏజెంటు కథ జోరందుకుంది. "ఫోన్లో దారి చెబుతున్నాడండీ. ఎడమకి తిరగమన్నాడు, తిరిగాను! మళ్లీ ఎడమకన్నాడు, తిరిగాను! ఇంకా ఎడమకన్నాడు..." ఎడమ అన్నప్పుడల్లా ఆయన చెయ్యి చుక్కానిని ఒక్క తోపు తోసింది. తెలిసిన ఒడ్డు మంచులో కలిసిపోయింది.

తర్వాత పళ్ల డాక్టరు కూర్చున్నాడు. "ఒక పాతింట్లో ముసలావిడకి పంటి నొప్పి అంటే వెళ్లానండీ. నోట్లో వేలు పెడితే లోపల చల్లగా బావిలా ఉంది. పన్ను పట్టుకుని లాగాను, రాలేదు." డాక్టరు చుక్కానిని రెండు చేతులా పట్టుకున్నాడు. "కాలు తన్నిపెట్టి మళ్లీ లాగాను. పన్ను రాలేదు, పన్నుతో పాటు ఆవిడే లేచొచ్చింది. బరువే లేదండీ!"

పడవ గిర్రున తిరిగింది. టీ గ్లాసులు ఒక మూల నుంచి ఇంకో మూలకి దొర్లాయి. సరంగు ఒక్క ఉరుకున వెనక్కి వచ్చేసరికే జరగాల్సింది జరిగిపోయింది. ఏది ఎగువో ఏది దిగువో తెలియడం లేదు. గాలి కూడా చచ్చిపోయింది. తెరచాప వేలాడిపోయింది. గడ వేసి చూస్తే అడుగు తగల్లేదు. ఒక్క పిట్ట కూత గానీ, ఒడ్డున బండి మోత గానీ లేదు.

"మీరూ ఒకటి చెప్పండమ్మా" అంది సరంగు భార్య హెడ్మిస్ట్రెస్‌తో, జనానికి కంగారు తెలియకుండా.

"నేను వినడానికే వచ్చాను తల్లీ. కానివ్వండి, బాగుంది" అందావిడ.

అప్పుడు మఫ్లరాయన లేచాడు. దుప్పటి జారిపోయింది. తడి అడుగులు వేసుకుంటూ వెనక్కి వచ్చి చుక్కాని దగ్గర కూర్చున్నాడు.

"నేనొకటి చెప్పనా?" అన్నాడు. ఆ గొంతు ఆయన నోట్లోంచి కాక పడవ అడుగునుంచి వస్తున్నట్టుంది. సరంగుకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. కంపెనీ మనిషి తనంతట తనే కథ చెబుతానంటే పడవ నచ్చినట్టేగా!

"ఒక ఊరుండేది. ఆనకట్ట కడుతున్నారు, ఊరు మునుగుతుంది, వెళ్లిపొమ్మన్నారు. అందరూ వెళ్లిపోయారు. ఆఖరి పడవ రేవులో ఆగి ఉంది. ఒకాయన అందులో ఎక్కి కూర్చున్నాడు. కూర్చున్నాక, ఇంటికి తాళం వేశానా లేదా అని అనుమానం వచ్చింది."

"మునిగిపోయే ఇంటికి తాళమెందుకండీ?" అన్నాడు ఏజెంటు.

"అలవాటు" అన్నాడాయన. "దిగి వెళ్లి చూశాడు. తాళం వేసే ఉంది. తిరిగొచ్చేసరికి పడవ లేదు. నీళ్లు ఉన్నాయి."

తెరచాప నిండుగా ఉబ్బింది. పడవ కదిలింది. సరంగు భార్య తన చీర కొంగు వైపు చూసుకుంది. కొంగు కదలడం లేదు. డాక్టరు జుట్టు కదలడం లేదు. గాలి ఒక్క తెరచాపకే వీస్తోంది. బావమరిది చేతిలోని తాడు వదిలేసి అక్క వెనక నక్కాడు.

మంచులోంచి రాతి మెట్లు కనిపించాయి. నాచు పట్టిన పాత రేవు. పుట్టినప్పట్నుంచీ ఈ నది మీదే తిరుగుతున్న సరంగు ఆ రేవుని ఏనాడూ చూడలేదు. దాని గురించి విన్నాడు. తండ్రి చెప్పేవాడు, నీళ్లలో ఉందని.

"తర్వాతేమైంది?" అంది హెడ్మిస్ట్రెస్.

"తర్వాత అప్పుడప్పుడూ ఇలా షికారుకి వస్తుంటాడు. వచ్చినప్పుడల్లా ఇదే అనుమానం." ఆయన చుక్కాని వదిలి లేచాడు. "చూసొస్తాను."

పడవ దిగి మెట్ల మీద కాలు పెట్టాడు. రేవు మెట్లు ఎవరైనా పైకి ఎక్కుతారు. ఆయన కిందికి దిగాడు. మోకాళ్లు మునిగాయి, నడుము మునిగింది, చివరికి మఫ్లరు కూడా మునిగింది. ఒక్క బుడగ రాలేదు.

"సార్! మీకు పాలసీ ఉందా?" అని అరిచాడు ఏజెంటు, ఇంకేం అనాలో తోచక.

మంచు విడిపోయింది. మెట్లు లేవు. పడవ నది నడిమధ్యన నిలిచి ఉంది. సరంగు గడ వేశాడు. అడుగు తగల్లేదు.

తిరుగు ప్రయాణం మొదలైంది. డాక్టరు దవడ పట్టుకుని కూర్చున్నాడు. సరంగుకు దెయ్యం భయం కంటే పెద్ద భయం పట్టుకుంది. పోయింది దెయ్యమైతే సరే. కంపెనీ మనిషైతే? పడవ నచ్చిందో లేదో చెప్పాల్సినాయన్ని నదిలో దింపేసి వస్తున్నాడు తను. కాఫీ హోటలు మాట దేవుడెరుగు, రేపు పోలీసులొస్తారు. ఆ పడవ మీద ఇదే తన ఆఖరి ప్రయాణం. ఆ మాట తోచగానే చుక్కాని మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు.

రేవు చేరగానే ముగ్గురి ముందూ చేతులు జోడించాడు. "అందరూ సాక్ష్యం చెప్పండి. తప్పు నాదే. కంపెనీ వాళ్ల మనిషిని ముంచేశాను."

"ముంచడమేమిటి? నేనిక్కడే ఉన్నాగా" అంది హెడ్మిస్ట్రెస్.

సరంగు జోడించిన చేతులు ఆవిడ వైపు తిప్పాడు.

"చాలా పడవలెక్కాను గానీ ఇలాంటిది చూళ్లేదయ్యా. పడవ తిప్పడం, టీ గ్లాసులు దొర్లడం, మీ ఏడుపు, అన్నీ బ్రహ్మాండం. ఆ మఫ్లరాయన ఉన్నాడే, ఆయన నటనకి దణ్ణం పెట్టాలి! ఒప్పందం ఖాయం. రేపే మా మొదటి జట్టు వస్తుంది. ఒక్కటే షరతు. ఆయన ప్రతి ప్రయాణంలోనూ ఉండాలి. లేకపోతే ఒప్పందం లేదు."

ఆవిడ వెళ్లిపోయాక సరంగు భార్య నెమ్మదిగా అంది. "ఆయన్ని ఎక్కడని వెతుకుతారు?"

"వెతకడం దేనికి? నీ తమ్ముడికి ఈత వచ్చుగా. రేపట్నుంచి తాళ్లు నువ్వు చూసుకో."

బావమరిది ససేమిరా అన్నాడు. బతిమాలారు, తిట్టారు, అక్క కన్నీళ్లు పెట్టుకుంది. చివరికి మఫ్లరు చుట్టుకుని ముందు బల్ల మీద కూర్చోవడానికీ, ఒడ్డు దగ్గర లోతు తక్కువ చోట దిగడానికీ ఒప్పుకున్నాడు.

మర్నాడు మళ్లీ మంచే. కంపెనీ జట్టు కేరింతలు కొడుతూ ఎక్కింది. పడవ కదిలింది. ముందు బల్ల మీద మఫ్లర్లు చుట్టుకుని ఇద్దరు కూర్చుని ఉన్నారు. సరంగు రెండుసార్లు లెక్కపెట్టాడు. కానీ ఇద్దరిలో ఒకడు మనవాడేగా అని ధైర్యం తెచ్చుకుని, కాస్త సన్నగా ఉన్న మనిషి చెవి దగ్గరికి వంగాడు.

"ఒరేయ్, నేను సైగ చేశాకే దిగు."

అప్పుడే ఒడ్డు మీంచి కేక వినిపించింది. "ఆపు బావా! నన్నొదిలేసి వెళ్లిపోతున్నావేంటి? మఫ్లరు దొరక్క లేటయింది!"

సరంగు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పక్కన కూర్చున్న పాత మఫ్లరాయన మర్యాదగా ఇటు తిరిగాడు.

"ఈయన మా పక్కింటాయన. షికారు బాగుందంటే వచ్చాడు."

కంపెనీ అడిగింది ఒక్కరినే.