యాభై మిల్లీమీటర్ల మనిషి

హిందూపురం ఈత–సైకిల్–పరుగు సంఘం కార్యవర్గం ఆదివారం పొద్దున సమావేశమై, టిఫిను ముగించి, ఈ కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. చక్రపు రిమ్ము లోతు యాభై మిల్లీమీటర్లకు తగ్గిన సభ్యులు ఇకమీదట ‘వెనుక సభ్యులు’ అనిపించుకుంటారు. వాళ్లు పూర్తి సభ్యులకు నూరు గజాల వెనకగా తొక్కాలి. దాటకూడదు. ధర్మవరం–పెనుకొండ పోటీ నాటికి ఎవరైనా లోతు పెంచుకుంటే, వాళ్లను ముందుకు తీసుకునే విషయం సానుభూతితో పరిశీలించబడుతుంది.

లోతంటే ఏమిటో తెలియని అమాయకులు ఇంకా ఉన్నారు కాబట్టి చెప్పాలి. పాలు పోసేవాడి సైకిలుకు రిమ్ము రెండు వేళ్ల మందం ఉంటుంది. పోటీ సైకిలుకు అదే రిమ్ము నల్లటి కార్బన్‌తో, ఇరుసు వైపుగా లోపలికి దిగుతూ వస్తుంది. ఎంత లోపలికి దిగితే గాలిని అంత బాగా కోస్తుంది. గాలి కోసినకొద్దీ ధర పెరుగుతుంది. ఒకప్పుడు మనిషి విలువ తెలుసుకోవాలంటే ఇంటిపేరు, ఊరు, నాయన పేరు, ఎవరి తాలూకు అని నాలుగు ప్రశ్నలు మర్యాద చెడకుండా తిప్పి తిప్పి అడగాల్సి వచ్చేది. ఇప్పుడు “మీదెంత?” అంటే సరిపోతుంది. ఇంత సమయం ఆదా చేసిన సంస్కరణ మన ప్రాంతంలో ఈ మధ్యకాలంలో మరొకటి రాలేదు.

సంఘాధ్యక్షుడు దంతవైద్యుడు జయప్రకాష్ గారి లోతు ఎనభై. ఆయన తీర్మానం మీద క్లుప్తంగా ముప్పావుగంట మాట్లాడారు.

“మిత్రులారా! మన సంఘంలో కులం లేదు, మతం లేదు, పేద గొప్ప తేడా లేదు. ఉన్నదల్లా లోతు ఒక్కటే. అది అందరికీ అందుబాటులో ఉంది. కొనుక్కోవడమే తరువాయి!”

చప్పట్లు మోగాయి. నౌషాద్ కూడా కొట్టాడు. అతని లోతు ఇరవైనాలుగు.

నౌషాద్‌కు ముప్పైతొమ్మిదేళ్లు. ఎర్రమంచి దగ్గరి కార్ల ఫ్యాక్టరీలో చక్రాలకు బోల్టులు బిగిస్తాడు. రోజూ కొన్ని వందల చక్రాలు అతని చేతిమీదుగా లోకంలోకి దొర్లిపోతాయి. అక్కడ అతనొక బ్యాడ్జి నంబరు. ఇంట్లో “ఏమబ్బా”. అన్నల మధ్య ఈ వయసులోనూ “చిన్నోడు”. ఆదివారం ఆరు నుంచి ఎనిమిది దాకా, సంఘంలో మాత్రమే, “నౌషాద్ గారూ”. వారానికి రెండు గంటలు. మూడేళ్లుగా ఆ రెండు గంటలే మిగతా నూటఅరవైఆరు గంటల్నీ లాక్కొస్తున్నాయి.

తీర్మానం చదువుతున్నప్పుడు అతనికి కోపం రాలేదు. అవమానం బయటినుంచి వచ్చి తగులుతుందని చాలామంది అనుకుంటారు. నౌషాద్‌లో అది చాన్నాళ్లుగా సిద్ధంగా కూర్చుని ఉంది. తీర్మానం దాన్ని పేరు పెట్టి పిలిచింది, అంతే. ‘నిజమే, నాలో లోతు లేదు’ అనుకున్నాడు. అనుకోగానే ఒకరకమైన నిమ్మళం కూడా కలిగింది. జబ్బు పేరు తెలిసింది, ఇక మందు కొనడమే.

మందు కొనడం అంత తేలిక కాదని ఆ వారంలోనే తేలింది. పేరున్న చక్రాల జత ధర అతని ఆరునెలల జీతం. పేరు లేనివి మూడోవంతుకే వస్తాయి. వాటి గురించి ఫోనులో ఒకాయన “నలభై కిలోమీటర్లకు నిమిషంన్నర మిగిలింది” అని రాశాడు. దాని కిందే ఇంకొకాయన “రెండు పళ్లు పోయాయి” అని రాశాడు. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు తన యాభై మిల్లీమీటర్ల జతను సగం ధరకు అమ్ముతానన్నాడు. ఎందుకు అమ్ముతున్నారంటే మోకాలు నొప్పి అన్నాడు. నౌషాద్ రైలెక్కి వెళ్లేసరికి ఆ నొప్పి తగ్గిపోయింది.

ఈలోగా అతనికి కొలిచే అలవాటు పట్టుకుంది. జేబులో స్కేలు పెట్టుకుని అన్నింటి లోతూ చూడసాగాడు. ఫ్యాక్టరీ క్యాంటీన్ ప్లేటు పద్దెనిమిది. బస్టాండు ముందు గుంత నూటపది. ఒకరోజు వంటింట్లో బాణలిలో స్కేలు పెట్టాడు.

“నా బాణలిని యాల కొలుస్తాండావబ్బా?” అంది భార్య రుక్సానా.

“యాభైరెండు ఉండాది!” అన్నాడు అతను. బాణలి సంఘంలో చేరితే పూర్తి సభ్యురాలు అవుతుందన్న ఆలోచన అతన్ని బాధించింది.

“సరే, ఆ చక్రాలు కొంటే ఏమొస్తాది?”

“పెనుకొండకు పొయ్యేలోపల ఒకటిన్నర నిమిషం మిగులుతాది.”

“మిగిలితే దాన్నేం చేస్తావు?”

ప్రపంచంలో చక్రాల మీద ఇన్ని వీడియోలున్నాయి కానీ, ఈ ప్రశ్నకు జవాబు ఏ ఒక్కదాంట్లోనూ లేదు.

పెనుకొండలో ఫకీర్ సాబ్ అని ముసలాయన ఉన్నాడు. యాభై ఏళ్లుగా వంకరపోయిన సైకిలు చక్రాలకు బెండు తీస్తున్నాడు. స్పోకు పుల్లను వేలితో మీటి, చప్పుడు విని, ఎక్కడ సడలిందో చెబుతాడు. నౌషాద్ అతని దగ్గరికి వెళ్లాడు. ఫకీర్ సాబ్ చక్రాన్ని గిర్రున తిప్పి చూశాడు.

“ఏమప్పా నౌషాదూ, చక్రం బంగారంగా ఉండాది గదా. బెండు లేదు, పుల్ల సడల్లేదు. ఏమైంది దీనికి?”

“లోతు లేదు చాచా.”

“ఇదేమన్నా బాయా, లోతుండేదానికి?”

నౌషాద్ తీర్మానం సంగతంతా చెప్పాడు. గాలి, కోత, కార్బన్, నిమిషంన్నర. ఫకీర్ సాబ్ శ్రద్ధగా విని, స్పానరుతో నౌషాద్ పొట్టమీద మెల్లగా పొడిచాడు.

“గాలి చక్రానికి తగిలేది చిటికెడు. దీనికి తగిలేది గంపెడు. ముందు దీనికి బెండు తీయించు. దుడ్లు గూడా పడవు.”

“సంఘంలో దాన్ని కొలవరు చాచా.”

ఫకీర్ సాబ్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. “అట్లయితే రిమ్ము కాడినుంచి ఇరుసుదాకా అట్ట పెట్టి మూసేయి. అంతకంటే లోతు యాడ దొరుకుతాది?”

ఆయన అది ఎగతాళికి అన్నాడు. కానీ ఎగతాళికీ సలహాకూ తేడా కనిపెట్టాలంటే మనసు కుదురుగా ఉండాలి. నౌషాద్ దారిలోనే ఫోను తీసి చూశాడు. నిజమే! విదేశాల్లో మొనగాళ్లు వెనక చక్రాన్ని పళ్లెంలా పూర్తిగా మూసే తొక్కుతున్నారు. చక్రానికి పైన తొడుగు వేసినా గాలికి తేడా తెలియదట. రిమ్ము అంచు నుంచి ఇరుసుదాకా కొలిస్తే రెండువందల తొంభై మిల్లీమీటర్లు. అధ్యక్షులవారికి మూడున్నర రెట్లు.

అట్ట వానకు తడుస్తుంది. ప్లాస్టిక్ పలక వంగదు. చివరికి ఆ తొడుగు మేడమీద దొరికింది. అధ్యక్షులవారి పుట్టినరోజుకు రోడ్డుమీద కట్టిన ఫ్లెక్సీ గాలికి ఊడిపడితే, రుక్సానా తెచ్చి దానిమీద చింతపండు ఆరబెడుతోంది. నౌషాద్ వెనక చక్రం రెండువైపులకూ రెండు గుండ్రటి ముక్కలు కోశాడు. తెల్లటి వెనకవైపు పైకి వచ్చేలా బిగించబోతుంటే రుక్సానా ఆపింది.

“బొమ్మ బయటికి పెట్టు.”

“చక్రంలో సార్ మొహమా? బాగుంటాదా?”

“ఎవురన్నా ఇది చక్రం కాదంటే, ఆ మాట ఆయప్ప మొహం చూసి అనాల గదా. పెట్టు.”

మనస్తత్వశాస్త్రం చదవనివాళ్లకే అది బాగా వస్తుంది.

పోటీ రోజు వచ్చింది. ముందు ధర్మవరం చెరువులో ఈత. నిర్వాహకులు ఎంచిన మూలలో నీళ్లు మోకాళ్లదాకానే ఉండడంతో, పోటీదారులు చేతులు ఊపుకుంటూ నడిచి ఈత పూర్తిచేశారు. లోతు నియమం చెరువుకు వర్తించదని కార్యవర్గం వివరణ ఇచ్చింది.

తర్వాత సైకిళ్లు బయటికి తీశారు. నౌషాద్ చక్రం చూసి నలుగురు గుమిగూడారు. ఒక అరవై మిల్లీమీటర్ల సభ్యుడు “ఇది చక్రం కాదు సార్, బ్యానరు!” అని అభ్యంతరం లేవనెత్తాడు. అధ్యక్షులు విచారణకు వంగారు. చక్రంలోంచి ఆయన మొహం ఆయన్ను చూసి నవ్వింది, చుట్టూ పూలదండతో. అద్దంలో కూడా ఆయన అంత బాగుండరు.

“ఏముంది ఇందులో తప్పు?” అన్నారు చివరికి. “చక్రమే. ఎంత వచ్చింది?”

“రెండువందల తొంభై సార్!”

“నౌషాద్ గారిని ముందు వరుసలో నిలబెట్టండి.”

ఆ క్షణం కోసం నౌషాద్ మూడు నెలలు సరిగ్గా అన్నం తినలేదు. ముందు వరుసలో నిలబడి వెనక్కి చూశాడు. నూరు గజాల అవతల వెనుక సభ్యులు. వాళ్లలో ఉమాదేవి ఉంది, రొద్దంలో ఆటల టీచరు. మొన్నటిదాకా ఇద్దరూ పక్కపక్కనే తొక్కేవాళ్లు. ఆమె చేయి ఊపింది. ఇంత దూరం నుంచి ఊపింది తనకేనో కాదో తెలియదు కదా అని అతను తనకు తాను సర్దిచెప్పుకుని, ముందుకు తిరిగాడు.

చెన్నేకొత్తపల్లి దాకా అంతా సవ్యంగా జరిగింది. ఆ తర్వాత రామగిరి కొండల మీద గాలిమరలు కనిపించాయి. గాలి ఎక్కువగా ఉన్నచోటే వాటిని పెడతారన్న సంగతి, గాలిని కోయడానికి అన్ని నెలలు సిద్ధమైన సంఘంలో ఎవరికీ తట్టలేదు. పక్కనుంచి ఒక్క విసురు వచ్చింది. పుల్లల చక్రమైతే గాలి సందుల్లోంచి దాటిపోయేది. మూసిన చక్రం తెరచాపలా నిలబడింది. నౌషాద్, సైకిలు, అధ్యక్షులవారు ముగ్గురూ రోడ్డు దిగి, గట్టు దాటి, గొర్రెల మందలో పడ్డారు.

గొర్రెలు కాస్తున్న పోతులయ్య అనే పెద్దాయన తాపీగా వచ్చాడు.

“ఏమబ్బా, యాడికి పోతాండావు?”

“పెనుకొండకి.”

“బస్సుల్లేవా?” చక్రం వైపు వంగి చూశాడు. “ఎవురీయప్ప? మళ్లా ఓట్లు వచ్చినాయా?”

“కాదు పెద్దాయనా. డాక్టరు. పండ్ల డాక్టరు.”

“పండ్ల డాక్టరుకు చక్రంలో ఏం పని?” అని, సమాధానం కోసం ఆగకుండా, నడుముకున్న కత్తి తీశాడు. “గాలికి అడ్డం గోడ కట్టి, గాలి తగలగూడదంటే ఎట్లా? ఫ్లెక్సీలు కట్టేటోళ్లు గూడా నాలుగు చీలికలు కోసి కడతారు. ఈడొకటి, ఈడొకటి కోస్తా. హాయిగా పో.”

కత్తి మొన సరిగ్గా అధ్యక్షులవారి ముక్కు దగ్గర ఆగింది. నౌషాద్ దాన్ని చేత్తో అడ్డుకున్నాడు. కోస్తే తొక్కుకుంటూ పోవచ్చు. కానీ కోసిన లోతు లోతు కాదు. తెగిన మొహంతో పెనుకొండలో దిగితే మళ్లీ ఇరవైనాలుగే.

“వద్దు పెద్దాయనా. తోసుకుంటా పోతా.”

“పద్నాలుగు కిలోమీటర్లుండాదబ్బా!”

“పర్వాలేదు.”

పోతులయ్య అతన్నీ, గొర్రెల్నీ మార్చి మార్చి చూసి, గొర్రెల వెంట వెళ్లిపోయాడు.

నౌషాద్ సైకిలు తోసుకుంటూ నడవసాగాడు. కాసేపటికి వెనకనుంచి ఉమాదేవి వచ్చింది. తల వంచి, ఊపిరి లెక్కగా వదులుతూ, మామూలు ఇనుప చక్రాల మీద. అతన్ని చూసి బ్రేకు వేసింది.

“ఏమైంది సార్? పడినారా? నీళ్లు తాగుతారా?”

గొంతు ఎండిపోతోంది. అయినా అతను అన్న మాట ఇదీ: “వెనుక సభ్యులు దాటకూడదు గదా మేడమ్.”

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో ఏదో కదిలి ఆగింది. “సారీ సార్,” అంది. అయినా దాటి వెళ్లింది. ముందు వెళ్తున్న ఎనభైలను, అరవైలను కూడా ఒక్కొక్కరినే దాటుకుంటూ వెళ్లిందని తర్వాత తెలిసింది.

పెనుకొండకు ముఖ్య అతిథి ముందే రావడంతో పరుగు రద్దయింది. ఆ కబురు అందేసరికి ఉమాదేవి పరుగు కూడా ముగించి, చెప్పులు లేని కాళ్లతో షామియానా పక్కన నిలబడి ఉంది. నౌషాద్ మూడు గంటల తర్వాత, ఆఖరివాడిగా, సైకిలు తోసుకుంటూ వచ్చాడు. సభ ఇంకా నడుస్తోంది. అధ్యక్షులు మైకు వదిలి ఎదురొచ్చారు. చక్రం మీద ఒక్క గీత కూడా లేదు.

“చూశారా మిత్రులారా! ఇంత గాలిలో, పద్నాలుగు కిలోమీటర్లు నడిచి కూడా, లోతు చెడకుండా తెచ్చిన మనిషి! వేగం ఎవరికైనా వస్తుంది. జింకకు రాదా? లోతు మాత్రం సంస్కారం ఉన్నవాళ్లకే వస్తుంది. నౌషాద్ గారిని ఈరోజు నుంచి లోతు నిర్ధారణ ఉపసంఘం సంచాలకులుగా నియమిస్తున్నాం!”

శాలువా కప్పారు. ఒక రిజిస్టరు చేతికిచ్చారు. ‘నౌషాద్ గారూ’ అన్న పిలుపు ఆ మధ్యాహ్నం అతను నలభైసార్లు విన్నాడు. మొదటి ఐదుసార్లు బాగా తియ్యగా ఉంది.

సంచాలకుడి బల్ల దగ్గరికి ముందుగా వచ్చింది ఉమాదేవే.

“సార్, నేను మొదట వచ్చినానని రాసుకుంటారా? బడిలో చూపించాల. పిల్లోళ్లకు చెప్పి వచ్చినా.”

నౌషాద్ రిజిస్టరు తెరిచాడు. పేరు, లోతు, సంతకం. మూడే గడులున్నాయి. సమయానికి గడి లేదు. కొత్త తీర్మానం తర్వాత దాని అవసరం లేదని తీసేశారు. అతను స్కేలు తీసుకుని, వంగి, ఆమె రిమ్ము కొలిచాడు. మట్టి, చెమట, ఎండ. రిమ్ము ఇంకా వేడిగా ఉంది.

“ఇరవైరెండు,” అన్నాడు.

“అది తెలుసు సార్. టైము?”

“కాలమ్ లేదు మేడమ్. ఉంటే రాసేవాణ్ణే.”

ఆమె కాసేపు అతని శాలువా వంక చూసింది. కోపంగా కాదు, బడిలో పిల్లవాడు ఎందుకు అబద్ధం చెబుతున్నాడో తెలిసిన టీచరులా. తర్వాత సంతకం చేయకుండానే సైకిలెక్కి రొద్దం దారి పట్టింది. ఆమె ఎంత వేగంగా వెళ్లిందో చూసినవాళ్లు లేరు. ముఖ్య అతిథి ప్రసంగానికి అందరూ చప్పట్లు కొడుతున్నారు.

నౌషాద్‌కు లోపల ఎక్కడో చిన్నగా, సడలిన పుల్లను మీటినట్టు, ఒక చప్పుడు వినిపించింది. కాసేపు చెవి ఒగ్గాడు. అది ఆకలి అని నిర్ధారించుకున్నాడు. ఉపసంఘం సంచాలకుడిగా అది అతని మొదటి నిర్ధారణ.

అప్పుడే భోజనాలకు పిలిచారు. లోతును బట్టి వరుస కట్టారు. నౌషాద్ అందరికంటే ముందు నిలబడ్డాడు. అతని వెనక ఎనభైలు, వాళ్ల వెనక అరవైలు, యాభైలు, ముప్పైలు, చూడ్డానికి వచ్చిన ఊరివాళ్లు. వరుస షామియానా దాటి రోడ్డుదాకా పోయింది. అన్నింటికంటే చివర నిలబడ్డాయన కూడా, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని ఆశగా ఒకసారి తిరిగి చూసుకున్నాడు.