కంపెనీ రుచి

నా నాలుక సంగతి మీకు తెలియదు. పెళ్లయిన నాటి నుంచి మా ఆవిడ ప్రభావతి వంటకు వంక పెట్టకుండా నేను చెయ్యి కడుక్కున్న రోజు లేదు. వంక పెట్టినా తినడం మాత్రం ఆపలేదు, అది వేరే సంగతి.

ఈ మధ్య నరసరావుపేటలో మా ఆఫీసు పక్కన ఓ అద్దాల కొట్టు వెలిసింది. ఫ్రిజ్ నిండా మూడు మూలల ప్లాస్టిక్ డబ్బాల్లో శాండ్‌విచ్‌లు. నా క్యారేజీ పక్క సీటు అక్రంకిచ్చేసి, రోజూ అవే తినడం మొదలుపెట్టాను. అక్రం కొద్ది రోజుల్లోనే చొక్కా గుండీలు పెట్టుకోలేని స్థితికి వచ్చాడు.

ఒకరోజు నా జేబులో శాండ్‌విచ్ స్టిక్కర్ మా ఆవిడ కంటపడింది.

"ఏందయ్యా ఇది?"

"శాండ్‌విచ్. కంపెనీ సరుకు. ఆ రుచి నీ చేతికి రాదులే."

"ఎట్లుంటదేంది ఆ రుచి?"

"అదో ఫ్లేవరే. తెలియాలంటే నాలుకుండాలి."

"ఉందిగా నీకు, చానా పొడుగ్గా!"

మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. ఆదివారం నా కళ్లకు గంతలు కడతారు. షాపుదేదో, ఇంటిదేదో నేను తిని చెప్పాలి. గెలిస్తే క్యారేజీకి సెలవు. ఓడితే ఇక జన్మలో ఆవిడ వంటకు వంక పెట్టకూడదు. ఓడితే ఏమవుతుందో సరే అన్నాక గానీ నాకు తట్టలేదు. వంక పెట్టని మొగుడు ఇంట్లో ఉన్నా లేనట్టే కదండీ!

ఇక్కడో రహస్యం చెప్పాలి. ఆ శాండ్‌విచ్‌కి ఏ రుచీ లేదు. తడిసిన అట్టముక్క తిన్నట్టుంటుంది. మరెందుకు తిన్నావంటారా? మా మేనేజర్ అదే తింటాడు.

కాబట్టి ఉపాయం పన్నాను. డబ్బాలు నేనే తెచ్చాను. ప్రభావతి మేడమీద బట్టలారేస్తుంటే స్టిక్కర్లు మెల్లగా ఊడదీసి, ముక్క ముక్కలోనూ మా వంటింటి జాడీలోని వెల్లుల్లి గొడ్డుకారం చల్లి, స్టిక్కర్లు మళ్లీ అంటించాను. ఘాటు తగిలితే షాపుది, లేకుంటే ఇంటిది. చిటికెడే వేద్దామనుకున్నాను గానీ, పల్నాటి చెయ్యి కదా, ముక్కకో గుప్పెడు పడింది.

ఆదివారం పక్కింటి హజ్రా బీ సాక్షిగా వచ్చి కూర్చుంది. ప్రభావతి నా కళ్లకు తువ్వాలు బిగించి, మూడు పళ్లేలు ముందు పెట్టింది.

మొదటిది కొరికాను. భగ్గుమంది. లోపల పండగ చేసుకున్నాను.

"షాపుది! ఆ ఘాటేందీ, ఆ వెల్లుల్లి ఘుమఘుమేందీ! ఏమే, ఏడు జన్మలెత్తినా ఇట్టాంటిది చెయ్యగలవా?"

"లేదయ్యా. ఇంకోటి తిను."

రెండోదీ భగ్గుమంది. "ఇదీ షాపుదే," అన్నాను ధైర్యంగా.

మూడోది నోట్లో పెట్టుకుంటే చెవుల్లోంచి పొగలొచ్చాయి. ఇదీ షాపుదంటే ఇంటిది ఎక్కడున్నట్టు? పోనీ నిజం చెబుదామంటే కారం చల్లిన దొంగని నేనే. గుటక వేసి తీర్పిచ్చాను.

"ఇది నీదే. చప్పగా ఏడ్చింది. కారమే లేదు."

"చప్పగా ఉంటే ఆ కళ్లెంబడి నీళ్లేంది యల్లమందన్నా?" అంది హజ్రా బీ.

"నా పెళ్లాం వంట తలుచుకుని, చెల్లెమ్మా!"

ప్రభావతి తువ్వాలు లాగేసింది. "నేనసలు పొయ్యే ముట్టించలా. మూడూ నువ్వు తెచ్చిన డబ్బాల్లోయ్యే. ఇదీ నీ నాలుక!"

హజ్రా బీకి అనుమానమొచ్చి ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. ఆగింది.

"ప్రభక్కా, ఇది నువ్వు దంచిన గొడ్డుకారమే! మొన్న నాకిచ్చావు చూడు, అదే."

ప్రభావతి వెళ్లి జాడీ మూత తీసి చూసింది. సగానికి సగం ఖాళీ.

"ఏందయ్యా, కంపెనీవోళ్లు మనింటికొచ్చి కారం పట్టుకెళ్లారా? ఏడు జన్మలెత్తినా చెయ్యలేనంటివే, పోయిన వారమే చేశాగా!"

నేను మంచినీళ్ల చెంబు వెతుక్కున్నాను.

సోమవారం బుద్ధిగా క్యారేజీ విప్పాను. బీరకాయ కూర. మొదటి ముద్దకే అర్థమైంది, అందులో ఉప్పు రవ్వంతైనా లేదు. అప్పుడే ఫోన్ మోగింది.

"కూరెట్లుంది?"

నోటిదాకా వచ్చిన వంకను ముద్దతో సహా మింగాను. "అమృతం."

"అవునా? ఉప్పెయ్యటం మరిచా, తిడతావనుకున్నా. బాగుందిగా, అయితే రాత్రికీ అదే ఉంచుతా."

"అట్టాగే," అన్నాను.