సున్నా తొలగింపు తీర్మానం

మా పిల్లల బడిలో స్థాన విలువల పాఠం దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

బడిలో పిల్లలు వెయ్యీ ముప్పై అయిదుగురు. కూర్చునేది నేలమీద. బల్లలు మంజూరు చేసే అధికారి వస్తున్నారని తెలిసి, మూడో తరగతి టీచరమ్మ ఆ సంఖ్యను వేదికమీద చూపించాలనుకుంది. నలుగురు పిల్లల మెడల్లో నాలుగు అట్టలు: ఒకటి, సున్నా, మూడు, అయిదు. సున్నా దర్జీగారి అమ్మాయిది. చెప్పుల డబ్బా మూతతో తనే చేసుకుంది.

అయిదు వేసుకున్న అబ్బాయి తండ్రి ప్లీడరుగారు, తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షులు.

"ఒకటిని ముందు పెట్టి, మా అయిదుని చివర నిలబెడతారా?"

"అది వేల స్థానమండీ. అక్కడ ఒకటే వెయ్యవుతుంది."

"అయితే మావాణ్ణే అక్కడ పెట్టండి. అయిదువేలవుతుంది. బడికే మంచిది!"

టీచరమ్మ ఒప్పుకోలేదు. సంఘం సమావేశమై, ఏ విలువా లేనివారికి స్థానం ఇవ్వడం విలువగలవారికి అవమానమని తేల్చి, సున్నాను తొలగించింది. నాలుగో స్థానంలో ఉన్న తమ అబ్బాయి మూడో స్థానానికి ఎదిగాడని ప్లీడరుగారు మిఠాయిలు పంచారు.

"నేను దిగిపోతే వెయ్యి కాస్తా వందైపోతుందండీ," అంది దర్జీగారి అమ్మాయి.

"పెద్దవాళ్ళ మధ్యలో మాట్లాడకూడదమ్మా," అన్నారు హెడ్‌మాస్టరుగారు.

అధికారి వచ్చారు. మధ్యలో సందు ఫోటోకి బాగోలేదని హెడ్‌మాస్టరుగారు ముగ్గురినీ దగ్గరికి జరిపారు. స్వాగతంగా పిల్లలంతా వంద, రెండువందలు, మూడువందలంటూ వెయ్యిదాకా చదివారు.

"నూట ముప్పై అయిదుగురే కదా, వెయ్యిదాకా ఎందుకర్రా, గొంతు నొప్పి!" అని అధికారి ముచ్చటపడి సంతకం పెట్టారు. సంఘం తీర్మానాన్ని కాదనడం మర్యాద కాదు కనుక హెడ్‌మాస్టరుగారు చప్పట్లు కొట్టారు.

నూట ముప్పై అయిదుగురికి బల్లలొచ్చాయి. సంఘం వారి పిల్లలు కూర్చున్నారు. తొమ్మిదివందల మంది నేలమీదే ఉన్నారు.

విచారణ జరిగింది. అధికారి వచ్చిన రోజున సున్నా తన స్థానంలో లేకపోవడమే కారణమని తేలింది. దర్జీగారి అమ్మాయిని పిలిపించారు. కుర్చీలు చాలక నేలమీద కూర్చుంది.

"తప్పు సంఘానిదంటావా? ఇక్కడున్న ప్రతివాడూ లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాడే!" అని ప్లీడరుగారు గర్జించారు.

"ఆ నూరులో నాలాంటివాళ్ళు ఇద్దరున్నారండీ," అంది.

ఆ ఇద్దరినీ తక్షణమే తొలగించాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.