డెల్బర్ట్ పెద్ద బల్లకు మారిన రోజు

ఆ ఉదయం డెల్బర్ట్ పథకం చిన్నదే. లాస్ వేగాస్‌లో తమ పేటలోని పేకాట క్లబ్బుకు వెళ్ళి, తొలిసారి పెద్ద పందేల బల్ల దగ్గర ఓ గంట పోకర్ ఆడి, భోజనానికి ఇల్లు చేరడం. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. మలుపు తిప్పే ముందు అటూ ఇటూ చూసుకోవడం అలవాటు. ఈ మలుపు దగ్గర రెండేళ్ళుగా చూసుకుంటూనే ఉన్నాడు.

పేకాట డబ్బంతా వంటింటి అరలో బిస్కెట్ల డబ్బాలో ఉంటుంది. ఇంటి డబ్బు ముట్టుకోకూడదు, డబ్బా పోతే ఆట కూడా పోయినట్టే. భార్య నడీన్‌తో అదీ ఒప్పందం.

"డబ్బా నిండింది. ఇక పైకి వెళ్ళొచ్చంటావా?" అన్నాడు.

నడీన్ టోస్టుకు వెన్న రాస్తూ, "నిండితే చాలదు. ఓడిపోయొచ్చి కూడా నా ఎదురుగా కూచుని కడుపునిండా తినగలిగితే వెళ్ళు. తినలేకపోయావో, డబ్బా పై అరలోకెళ్తుంది. నీ మోకాళ్ళతో నువ్వు స్టూలెక్కలేవు," అంది.

క్లబ్బులో పందెం బిళ్ళలు ట్రేలో సర్దారంటే ఇంటికి బయల్దేరినట్టు. డెల్బర్ట్ మాత్రం ట్రే పట్టుకుని పెద్ద బల్ల వైపు నడిచాడు. అతను రోజూ ఆడే చిన్న పందేల బల్ల దగ్గర తోటి పింఛనుదార్లు ఆట ఆపి అతని వైపు తిరిగారు. సూపు ఎంచుకోవడానికే పావుగంట తీసుకునే మనిషి పైకి వెళ్ళాడంటే, అక్కడ డబ్బు పారబోసే అమాయకుడెవడో కంటబడి ఉండాలని వాళ్ళలో ఒకావిడ, విల్మా, లెక్కగట్టింది. ఆవిడా ట్రే తెప్పించుకుంది. ఆవిడ వెనక ఓటిస్, అతని వెనక మిగతావాళ్ళు.

పెద్ద బల్ల దగ్గరుండేది ఆటే జీవనమైన కుర్రాళ్ళు. గొప్ప ముక్కలొస్తే తప్ప డాలరు కదపని పింఛనుదార్లు వరసగా వచ్చి కూర్చోవడం చూసి, ఇక ఇక్కడ గడ్డి కూడా మొలవదని ఒక్కొక్కరే లేచిపోయారు. కాసేపటికి పెద్ద బల్ల చుట్టూ పాత మొహాలే మిగిలాయి. డెల్బర్ట్‌కు రెండు రాజులొచ్చాయి, గట్టిగా గెలిచే ముక్కలు. పందెం కాయగానే అందరూ అతని మొహం ఓసారి చూసి, సంగతి పసిగట్టి ముక్కలు పారేశారు.

విల్మా అతని వైపు వంగి, "ఇంతకీ ఎవరయ్యా వాడు?" అని గుసగుసలాడింది.

"ఎవడు?"

"ఆ అమాయకుడు. ఎవణ్ణి చూసి వచ్చావిక్కడికి?"

"ఎవణ్ణీ చూడలేదే. నా అంతట నేనే వచ్చా."

"నేను నిన్ను చూసి వచ్చా."

"నేను ఆవిణ్ణి చూసి," అన్నాడు ఓటిస్.

అందరూ బల్ల చుట్టూ ఓసారి కలియజూశారు. తర్వాత ఎవరి ట్రే వాళ్ళు తీసుకుని చిన్న బల్ల దగ్గరికి వెళ్ళారు. అక్కడ ఇందాక లేచిపోయిన కుర్రాళ్ళే నిండుగా కూర్చుని ఆడుతున్నారు. కుర్చీ ఖాళీ అయితే పిలుస్తామని క్లబ్బువాళ్ళు పేర్లు రాసుకున్నారు.

మధ్యాహ్నం టొమాటో సూపు సగంలోనే డెల్బర్ట్ చెంచా పెట్టేశాడు. పోయిన డబ్బు లెక్కలోకి రానిదే. క్లబ్బులో చిన్న బల్ల దగ్గర, కిటికీ పక్కన ఐదేళ్ళుగా తనదైన కుర్చీలో ఇప్పుడెవడో కూర్చున్నాడు. అతని చేత చెంచా పెట్టించింది ఆ సంగతే.

"పైకి వెళ్ళాలంటే, నడీన్, డబ్బుంటే చాలదు. కిందవాళ్ళ కంట పడకుండా వెళ్ళాలి," అన్నాడు.

నడీన్ మిగిలిన సూపు చూసింది, స్టూలు చూసింది, డబ్బాను ఉన్నచోటే ఉంచేసింది. రోజంతా అతన్ని ఇంట్లో భరించడం కన్నా పోకరే చవకని ఆవిడ ఎప్పుడో లెక్క వేసుకుంది.