కోటిలింగం గురించి నాలుగు మంచి మాటలు

ఎంత పెద్ద అడవైనా ఆఫీసు లేకుండా నడవదు కదా. ఈ అడవిలో నీటిమడుగుకి ఒక ఆఫీసు ఉండేది. వేసవిలో ఎవరు ముందు తాగాలి, ఎవరు ఆగాలి అన్నది అక్కడే తేలేది.

ఆఫీసుకి పెద్ద, ఎలుగుబంటి బుగ్గన్న. ఆయన కింద ఇద్దరే ఉద్యోగులు. ముంగిస మాణిక్యం పొద్దున్నే వచ్చి వరసలు సర్దేది, అడవిపందుల తగవులు తీర్చేది, మడుగులో ఆకులు తీయించేది. కొండముచ్చు కోటిలింగం కొమ్మ మీద తోక వేలాడేసుకుని కూర్చుని, "పని ఒత్తిడి చంపేస్తోందండీ" అని దారిన పోయేవాళ్ళకి చెప్పేవాడు.

ఇలా ఉండగా పొరుగున ఉన్న తూర్పు కొండ మీద కార్చిచ్చు కాపలా ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ఉండడానికి రాతి గుహ కూడా ఇస్తారట. ఇద్దరూ పేర్లిచ్చారు. అయితే పైఅధికారి మంచి మాట చెబితేనే పని.

మాణిక్యం బుగ్గన్న దగ్గరికెళ్ళింది. "సార్, వానొస్తే నా కలుగు నిండిపోతోంది. పిల్లల్ని నోట కరుచుకుని గట్టెక్కి తడుస్తున్నా. మీరొక్క మాట చెబితే బయటపడతాను."

"చెప్పకపోవడమేంటమ్మా! నువ్వు నా కూతురు లాంటిదానివి" అన్నాడు బుగ్గన్న.

ఆమె అటు వెళ్ళిందో లేదో ఆయన లెక్కలు వేసుకున్నాడు. మాణిక్యం పోతే అడవిపందులతో ఎవరు వేగాలి? తనే! అదే కోటిలింగం పోతే, ఒక కొమ్మ ఖాళీ అవుతుంది. అంతే.

తూర్పు కొండ అధికారిణి అడవిదున్న దుర్గమ్మ విచారణకి రానే వచ్చింది.

"కోటిలింగం ఎలాంటివాడు?"

"బంగారమండీ! ఈ ఆఫీసు నడుస్తోందంటే వాడి తెలివి వల్లే. నాకంటే సమర్థుడు. అయినా వాడి ఎదుగుదలకి అడ్డం రాను, తీసుకెళ్ళండి."

"మరి మాణిక్యం?"

బుగ్గన్న గొంతు సవరించుకున్నాడు. "మంచిదేననుకోండి... కాస్త నెమ్మది. చెబితే తప్ప చెయ్యదు."

"సరే, మాణిక్యాన్ని రేపే పంపండి" అంది దుర్గమ్మ.

బుగ్గన్న ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, ఆమెనా? ఆమె లేకపోతే నేనేమైపోవాలి?"

దుర్గమ్మ నవ్వింది. "బుగ్గన్న గారూ, పనికొచ్చేవాళ్ళని ఎవరూ ఇంత సంతోషంగా సాగనంపరు. మా దగ్గరో సోమరి ముళ్ళపంది ఉండేది. దాన్ని ఆకాశానికెత్తి పక్క అడవికి పంపింది నేనే."

మర్నాడు మాణిక్యం పిల్లలతో సహా రాతి గుహకి చేరింది. అక్కడ వాన లోపలికి రాలేదు. పిల్లలు మొదటిసారి తెల్లారేదాకా కదలకుండా నిద్రపోయారు.

ఇక్కడేమో కోటిలింగం కొమ్మ దిగి వచ్చి బుగ్గన్న కాళ్ళ మీద పడ్డాడు. నిన్న కొమ్మ మీంచి తన పొగడ్తలన్నీ విన్నాడు మరి. దుర్గమ్మ నవ్వింది ఎందుకో మాత్రం వాడికి అర్థం కాలేదు.

"మీ మనసులో నాకింత చోటుందని తెలీదు సార్! ఇలాంటి అధికారిని వదిలి ఎక్కడికీ పోను. చచ్చినా పోను!"

అక్కడితో ఆగితే బాగుండేది. కళ్ళు తుడుచుకుంటూ సింహం దర్బారుకెళ్ళి విన్నదంతా వినిపించాడు. సింహం బుగ్గన్నని పిలిపించింది.

"ఇతను నీకంటే సమర్థుడని పొరుగు అధికారిణితో అన్నావా?"

అన్నాను గానీ అది నిజం కాదంటే, తన అడవి తరఫున పొరుగువాళ్ళకి అబద్ధమాడినట్టు. దానికి శిక్ష దేశబహిష్కారం. బుగ్గన్న నేల చూపులు చూస్తూ, "అన్నాను ప్రభూ" అన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ నీ కిందెందుకు పెట్టుకున్నావయ్యా?" అని గర్జించి, ఆఫీసు పెద్దరికం కోటిలింగానికి అప్పగించింది సింహం.

ఇప్పుడు మడుగు దగ్గర అడవిపందుల మధ్య నిలబడి, ఒళ్ళంతా బురదతో గొంతు చించుకుంటున్నది బుగ్గన్నే. కోటిలింగం పాత అధికారిని మర్చిపోలేదు. ఎవరొచ్చినా ఆయన్ని చూపించి, "నాలోని ప్రతిభని మొదట గుర్తించింది వీరే" అని చేతులు జోడిస్తాడు.

అందుకని, ఎవరినైనా వదిలించుకోవాలంటే పొగడండి, తప్పులేదు; కాకపోతే ముందు చెట్టు మీద ఎవరున్నారో చూసుకోండి.