ఒంటి చక్రం తిప్పలు

“వెనకాల రేషియో సగమే ఉంది!” అని బండి కింద నుంచి క్లైవ్ పెట్టిన కేక షెడ్డు దాటి, కోళ్ల గూడు దాటి, వంటింటి కిటికీలోంచి అతని అత్తగారు బెరిల్ చెవిలో పడేసరికి “వెనకాల రేషన్ సగమే ఉంది” అయిపోయింది. ఎనభై ఏళ్ల చెవి అది. వినపడినంత వింటుంది, మిగతాది సొంతంగా వండుకుంటుంది.

“లోర్నా! మీ ఆయన తిండి సగమే సర్దాడట!” అంది కూతురితో.

టోస్టు మీద వెన్న రాస్తున్న లోర్నా కత్తి ఆపింది. నిజానికి ఆ రోజు పెద్ద పనేమీ లేదు. మిగిలిన సామాను సర్దుకోవడం, పెందలాడే పడుకోవడం, మర్నాడు తెల్లవారగానే తమ ఊరు గిడ్జీ క్రీక్‌లోని ఫోర్‌వీల్ క్లబ్బు బళ్లన్నిటితో కలిసి ఎడారి దాటడం. ఆ ఎడారి దాటిస్తానని క్లైవ్ ఆమెకు పెళ్లినాడే మాటిచ్చాడు. అది మొదలు ప్రతి చలికాలం ఏదో ఒక అడ్డు. ఓ ఏడు క్లచ్చు పోయింది. ఓ ఏడు రేడియేటరు పోయింది. ఓ ఏడు ఏదీ పోలేదేమిటా అని అనుమానం వచ్చి క్లైవ్ అంతా విప్పి చూశాడు. దాంతో అన్నీ పోయాయి.

పోయిన వారమే లోర్నా తేల్చి చెప్పింది. “ఈసారి బండి కదలకపోతే నేను కదుల్తాను. నువ్వు బండి కిందే కాపరం పెట్టుకో.”

అందుకే ఇప్పుడు మారుమాట లేకుండా ఇంకో గొర్రె తొడ ముక్కలు కోసి కూరకు పడేసింది. ఇంకో కేకు కలిపింది. ఎడారిలో మొగుడు ఎండినా ఫరవాలేదు గానీ కడుపులు ఎండకూడదు.

ఇంతకీ షెడ్డులో జరిగింది ఇది. క్లైవ్ తన మేవిస్‌కి పెద్ద టైర్లు వేయించాడు. మేవిస్ అంటే బండే. పెళ్లయిన కొత్తలో లోర్నా ఆ సంగతి తెలియక, ఎవరో ఆడమనిషనుకుని రెండు రోజులు ఏడ్చింది. టైరు పెద్దదైతే ఇంజను ఇసుక దిబ్బల మీద ఆయాసపడుతుంది. గేర్లు మార్చాలో అక్కర్లేదో తేలాలంటే ఉన్న నిష్పత్తి తెలియాలి. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి కింది పొడుగు షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో అదే నిష్పత్తి, క్లైవ్ నోట రేషియో. టైరు మీద ఓ సుద్దగీత, షాఫ్టు మీద ఓ సుద్దగీత, తిప్పడం, లెక్కపెట్టడం. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, చేతివేళ్లు చాలు. క్లైవ్‌కి వేళ్లు పూర్తిగానే ఉన్నాయి.

ముందు భాగం కింద జాకీ పెడితే రెండు చక్రాలూ లేచాయి. ఒకటి క్లైవ్, రెండోది పక్కింటి మర్వ్ పట్టుకుని కలిసి ఒక చుట్టు తిప్పారు. షాఫ్టు నాలుగు చుట్లు తిరిగి, మీదట ఇంకాస్త ఒయ్యారం పోయింది. భేషుగ్గా ఉంది.

వెనక భాగం అలా లేవలేదు. అందులో ఎడారికి సరిపడా నీళ్లు, ఎడారికి సరిపడా డీజిలు, ఎడారికి మించిన బీరు ఉన్నాయి. జాకీ మూలిగి మూలిగి ఒక పక్కనే లేపింది. లేచిన ఆ ఒక్క చక్రాన్నీ ఒక చుట్టు తిప్పారు. షాఫ్టు రెండు చుట్లు తిరిగి, ఇక చాల్లెమ్మని ఆగిపోయింది.

“ముందు నాలుగు, వెనక రెండు!” క్లైవ్ మొహం పాత గేరాయిలు రంగుకు తిరిగింది. “ఒరేయ్ మర్వ్, ఒకే కాడికి గుర్రాన్నీ గొర్రెనీ కట్టార్రా!”

ముందూ వెనకా నిష్పత్తి ఒకటే ఉండాలి. లేకపోతే నాలుగు చక్రాలనూ కలిపి నడిపిన మరుక్షణం లోపలి గేర్లు కొట్టుకుని పళ్లు రాలగొట్టుకుంటాయి.

“మరి ఇన్నేళ్లూ ఎలా నడిచింది?” అన్నాడు మర్వ్.

“తోలింది నేను కాబట్టి నడిచింది! ఇంకెవడన్నా అయితే ఈపాటికి పోయేవాడు. అసలీ బండి నాకు అంటగట్టిందెవడు?”

అంటగట్టింది ట్రెవర్. లోర్నా సొంత తమ్ముడు. పాత బళ్ల వ్యాపారి. గిడ్జీ క్రీక్‌లో తిరిగే ప్రతి బండీ ఒకప్పుడు ట్రెవర్ మాట నమ్మిన పాపానికి ఎవరో ఒకరు కొన్నదే. క్లైవ్ మేవిస్‌ని తిన్నగా క్లబ్బు ఆవరణలోకి తోలాడు. అక్కడ సభ్యులంతా బళ్లు నిండా సామానుతో వరసగా నిలిపి, తాళ్లు బిగించుకుంటున్నారు.

“ఏరా ట్రెవర్! ముందు ఒక గేరు, వెనక ఒక గేరు పెట్టి అమ్ముతావా? నేను నీ అక్క మొగుణ్ణిరా!”

“ఒట్టు క్లైవ్! బండి అమ్మేటప్పుడు చాలా అబద్ధాలు చెప్పాను, ఒప్పుకుంటా. ఈ అబద్ధం మాత్రం నాకు తట్టనే లేదు.”

“అయితే అందరివీ చూద్దాం పట్టండి!”

ఆ క్లబ్బులో చక్రం తిప్పేది క్లైవే. ఆ రోజు అక్షరాలా తిప్పాడు. ప్రతి బండికీ అదే పద్ధతి. ముందు రెండు చక్రాలూ లేపారు. వెనక బీరు బరువు కాబట్టి ఒకటే లేపారు. ప్రతి బండికీ అదే జవాబు. ముందు నాలుగు, వెనక రెండు. జనం ట్రెవర్ చుట్టూ మూగారు. చివరికి ట్రెవర్ సొంత బండి ఎత్తి తిప్పారు. అదీ అంతే.

ట్రెవర్ చతికిలబడ్డాడు. “నన్ను నేనే ముంచుకున్నానా! ఇంత పనిమంతుణ్ణని నాకే తెలీదే!”

అప్పుడే బెరిల్ తన పాత బండిలో లోర్నాని ఎక్కించుకుని, తిండి పెట్టెలతో వచ్చింది. క్లైవ్ సుద్దముక్కతో ఎదురెళ్లాడు.

“బెరిల్, మీ బండీ ఎత్తాలి. లోపల పళ్లు లెక్కపెట్టాలి.”

“నావి కట్టుడు పళ్లు అబ్బాయ్. ఇంట్లో గ్లాసులో ఉన్నాయి. బండి మీంచి చెయ్యి తియ్.”

క్లైవ్ చెయ్యి తీశాడు. ఆ ఊళ్లో దుమ్ము తుఫానుకి భయపడనివాళ్లున్నారు గానీ బెరిల్‌కి భయపడనివాళ్లు లేరు.

మిగతా బళ్ల వెనక ఇరుసుల నడుమ ఉండే గేర్ల గుండు మూతలు విప్పాలని తీర్మానం అయింది. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క మెకానిక్ చేపల వేటకని ఉత్తరానికి పోయాడు. ఉంటే వద్దనేవాడు. లేడు కాబట్టి తీర్మానం ఏకగ్రీవం. బరువు తగ్గించడానికి నీళ్లూ డీజిలూ దింపారు. బీరు కూడా దింపారు, గొంతులోకి. మూతలు ఊడాయి, అంచున ఉన్న కాగితం పట్టీలు చిరిగాయి, ఆయిలు ఇసుకలో ఇంకిపోయింది. సరిగ్గా ఆ క్షణానే పడమట నుంచి ఎర్ర దుమ్ము లేచి, నోళ్లు తెరుచుకున్న ప్రతి గేర్ల గుండులోకీ దూరింది. ఊరందరి గేర్లకీ ఒకేసారి ఎర్ర పళ్లపొడి పెట్టినట్టయింది.

దుమ్ము తగ్గాక గుడ్డతో తుడిచి పళ్లు లెక్కపెట్టారు. పెద్ద చక్రానికి నలభై ఒకటి, చిన్నదానికి పది. అంటే నాలుగూ కొసరూ. ముందెంతో వెనకా అంతే.

“మరి రెండే ఎందుకొచ్చింది?” అన్నాడు ట్రెవర్.

“మళ్లీ తిప్పి చూపిస్తా చూడండి!” అని క్లైవ్ మేవిస్ వెనక జాకీ పెట్టాడు. ఇప్పుడు బరువు లేదు. రెండు చక్రాలూ చులాగ్గా లేచాయి. క్లైవ్, మర్వ్ కలిసి ఒక చుట్టు తిప్పారు. షాఫ్టు శుభ్రంగా నాలుగు చుట్లు తిరిగి, మీదట ఒయ్యారం కూడా పోయింది.

మర్వ్ వేళ్లు ముడిచి మళ్లీ లెక్కపెట్టుకున్నాడు.

“క్లైవ్,” అన్నాడు ట్రెవర్ మెల్లగా, “పొద్దున ఎన్ని చక్రాలు లేపావు?”

“ఒకటి.”

“రెండోది?”

“నేల మీద ఉంది. తిరగదు కదా... తిరగకపోతే...” క్లైవ్ వంగి, మూత లేని గుండులోకి తొంగి చూశాడు. ఒక పక్క కిందికి దింపించి, రెండో పక్క చక్రం తానే తిప్పాడు. లోపలి బుల్లి గేర్లు నిలబడ్డ చక్రం చుట్టూ దొర్లుతూ, తిప్పిన దాంట్లో సగం తామే మింగేస్తున్నాయి. అతను మోకాళ్ల మీదే వెనక్కి తిరిగి ఊరందరికీ చెప్పాడు.

“ఒక్క చక్రమే లేపితే రెండు చుట్లు తిప్పాలి. నేను ఒకటే తిప్పాను. గేర్లు బాగానే ఉన్నాయి.”

“ఉన్నాయి కాదు, ఉండేవి,” అన్నాడు మర్వ్.

లోర్నా చేతులు కట్టుకుంది. “అంటే నిష్పత్తి నిక్షేపంగా ఉంది. పతి దగ్గరే సగం తక్కువ. మరి పొద్దున రేషన్ సగమే ఉందని ఎందుకు అరిచావు?”

“రేషన్ కాదే, రేషియో!”

“ఏదైతేనేం,” అంది బెరిల్. “రెండూ నువ్వు తప్పే లెక్కపెట్టేవాడివి.”

మూత పట్టీలు, కొత్త ఆయిలు సముద్రపు ఒడ్డు నుంచి లారీలో రావాలి. లారీ వచ్చేది వచ్చే వారం. పక్క ఊరి క్లబ్బు బళ్లు మాత్రం తెల్లారేసరికి ఎడారి దారి మొదట్లో వీళ్ల కోసం ఎదురుచూస్తూ ఉంటాయి.

మర్నాడు పొద్దు పొడిచేసరికి క్లబ్బు ఆవరణలో బళ్లన్నీ జాకీల మీద నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, వాటి పక్కన యజమానులు కూడా. బెరిల్ తన పాత బండి స్టార్టు చేసింది. పక్కన లోర్నా ఎక్కి తలుపు వేసుకుంది. క్లైవ్ టోపీ చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాడు.

“లోర్నా! మీ పక్కన ఇంకొకళ్లు పట్టే చోటుందిగా. నేనూ వస్తా. ఎడారి దాటిస్తానని మాటిచ్చాను కదా!”

లోర్నా ఆ చోటు వైపు చూసింది. అక్కడ గొర్రె కూర గిన్నెలు రెండు, కేకులు రెండు, వాటి మీద రొట్టెల బుట్ట.

“ఉండేదే క్లైవ్. నువ్వు సగమే ఉందన్నావని డబుల్ చేశాను.”

బెరిల్ గేరు వేసింది. ఎడారి వైపు ఆ బండి నాలుగు చక్రాలూ ఒకే లెక్కన తిరుగుతూ వెళ్లిపోయాయి, బహుశా వాటిని ఎవరూ లెక్కపెట్టకపోవడం వల్ల.